ఓనరు వచ్చే ముందు ఇల్లు ఖాళీ చేయు విధము

ఇంట్లో సామాను తగ్గించుకున్నవాడే ధన్యుడు!

ఈ మాట నేనంటే మీకు నవ్వొస్తుంది. ఈ పరాయి దేశంలో, లూకన్ అనే ఊళ్లో కిరాణా కొట్టు పెట్టి, మీ ఇళ్లలోకి బియ్యం బస్తాలు ఎక్కించేవాణ్ణి నేనే. అయినా అంటాను. అమ్మిన సరుకు కదలాలని కోరుకుంటాను గానీ, మీ మంచం కింద ముసలిదైపోవాలని కోరుకుంటానా?

డీప్ క్లీనింగ్ అనే పుణ్యకార్యం మీకు తెలిసిందే. మనుషులొస్తారు, మెషీన్లు తెస్తారు. ఓవెన్‌లో మాడిన జిడ్డు మొదలు కార్పెట్‌లో ఇంకిన సాంబారు దాకా అంతా లాగి పారేస్తారు. ఒకటే షరతు. వాళ్లొచ్చేసరికి గట్టు మీద, నేల మీద, అల్మరాల్లో ఏమీ ఉండకూడదు. అంటే, శుభ్రం చేసేవాళ్లు రావాలంటే ముందు మనం శుభ్రం చేయాలి. గుండు చేయించుకుని సెలూన్‌కి వెళ్లినట్టు! ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఉందా?

మనవాళ్ల ఇళ్లలో ఏముంటుందో నన్నడగండి. ఒక వెట్ గ్రైండర్. అది పాడైతే వాడుకోవడానికి ఇంకో వెట్ గ్రైండర్. వరలక్ష్మీ వ్రతాలకు పుచ్చుకున్న స్టీలు గిన్నెలు, రేపు ఇంకొకరికి ఇవ్వడానికి. ఐస్‌క్రీం డబ్బాలు, వాటిలో కందిపొడి. అన్నిటికీ మించి అట్టపెట్టెలు! టీవీ పోయినా టీవీ పెట్టె పోదు. ఎందుకట? ఇల్లు మారేటప్పుడు పనికొస్తుందట!

ఇలాంటి ఇల్లే మా కొట్టుకు దగ్గర్లో, ఆడమ్స్‌టౌన్‌లో సుధేష్ణది. ఆమె భర్త అనంతరామ్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లిఫీ నది ఒడ్డున ఆఫీసు. ఆఫీసులు ఏటా ఓ అంతస్తు పెరుగుతున్నాయి, మనుషులు విమానాల నిండా దిగుతున్నారు, ఇళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కడైనా ఇల్లు అద్దెకుందంటే చూడటానికొచ్చిన వాళ్ల లైను వీధి మలుపు తిరుగుతుంది. అలాంటి రోజుల్లో వాళ్ల ఓనరు మెసేజ్ పెట్టాడు. సోమవారం వచ్చి ఇల్లు చూస్తాడట. ఆ తర్వాత లీజు సంగతి మాట్లాడతాడట. పాప స్కూలు ఆ వీధి చివరే. ఈ ఇల్లు పోతే స్కూలూ పోతుంది.

సుధేష్ణ ఆ సాయంత్రమే కొట్టుకొచ్చింది.

"అంకుల్, మీ వెనక గదిలో కాస్త చోటుంటుందా? రెండంటే రెండు రోజులు."

"ఏం పెడతావమ్మా?"

"చిన్న చిన్నవే అంకుల్."

చిన్న చిన్నవన్నీ వ్యానులో వచ్చాయి. దించిన వ్యాను మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. గ్రైండరు మోస్తూ అనంతరామ్ గుమ్మంలో ఆగి, అప్పటికే పేరుకున్న గుట్టను చూసి నోరు తెరిచాడు.

"ఇదంతా ఇంట్లో ఉన్నప్పుడు మనం ఎక్కడ పడుకునేవాళ్లమే?"

"ముందు మొయ్యండి. లీజు చేతికొచ్చాక నవ్వుదురుగాని."

అట్టపెట్టెలను మాత్రం నా దగ్గరికి తేలేదు. నేరుగా రీసైక్లింగ్‌కి పంపించేసింది. అనంతరామ్ టీవీ పెట్టెను వాటేసుకున్నాడట.

"ఇది వద్దే, ఇల్లు మారేటప్పుడు..."

"మారకుండా ఉండటానికే కదండీ ఇదంతా!"

పెట్టె వెళ్లిపోయింది.

తర్వాత మెషీన్లు వచ్చి ఇంటిని అద్దంలా చేసి వెళ్లాయి. ఆ రోజు నుంచి పోపు బంద్. దేవుడి పటాలు కూడా నా గదిలోనే, శనగపిండి పక్కన. ఇంటిల్లిపాదీ నిలబడి బ్రెడ్డు తిన్నారు, పొడి సింకులో పడేట్టుగా. పాప బడి నుంచి వచ్చి, ఇక్కడి పిల్లలు ప్రెస్ అనే ఆ వంటింటి అల్మరా తలుపు తీసింది.

"మమ్, ద ప్రెస్ ఈజ్ ఎంప్టీ! ఆర్ వీ మూవింగ్?"

"లేదమ్మా. ఇక్కడే ఉండటానికి."

పాపకు అర్థం కాలేదు. పిల్లలకు ఇంత లోతైన విషయాలు ఎక్కడ తెలుస్తాయి!

సోమవారం ఓనరు వచ్చాడు. మంచి మనిషి, బూట్లు గుమ్మంలోనే విప్పాడు. గదిగదికీ ఆగి "గ్రాండ్" అన్నాడు. ఇక్కడివాళ్లకు బాగుందన్నా గ్రాండే, పర్లేదన్నా గ్రాండే. నా ఇల్లు ఇంత పెద్దదని నాకే తెలియదే అని ఆశ్చర్యపోయాడు. ఫొటోలు తీసుకోనా అని అడిగాడు. సుధేష్ణ పరుగున వెళ్లి కర్టెన్లు పక్కకు లాగింది, వెలుతురు బాగా పడుతుందని. అతను గేటు దాటకముందే నాకు ఫోను.

"అంకుల్, గ్రాండ్ అన్నాడు! బాత్రూమ్‌ని కూడా అన్నాడు!"

నేను మైసూర్‌పాక్ పొట్లం కట్టి పక్కన పెట్టాను.

మరుసటి వారం నోటీసు వచ్చింది. ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడు. ఇంత అందంగా ఉన్నప్పుడే అమ్మడం మేలని వాళ్లావిడ అందట. ఇంత చక్కగా ఉంచినందుకు థాంక్స్ కూడా చెప్పాడు. సుధేష్ణ కర్టెన్లు లాగిన గది ఫొటోయే ప్రకటనలో మొదట ఉంది. తుడిచి ముందు వరసలో పెట్టిన సరుకే ముందు అమ్ముడుపోతుంది. కొట్టు పెట్టుకున్న ఎవణ్ణడిగినా ఈ లెక్క చెబుతాడు.

అయినా లాభం చూడండి! సామాను అప్పటికే బయట ఉంది. సగం ఇల్లు మారడం అయిపోయినట్టే కదా?

మొన్న సుధేష్ణ మళ్లీ వచ్చింది. సామాను ఊసెత్తలేదు.

"అంకుల్, ఖాళీ అట్టపెట్టెలేమైనా ఉన్నాయా?"

అనంతరామ్ పక్కనే ఉన్నాడు. టీవీ పెట్టె గురించి ఒక్క మాట అనే హక్కు అతనికుంది. అనలేదు. కాపురాలు నిలబడేది అలాంటిచోటే. నూడుల్స్ పెట్టెలు ఖాళీ చేసిచ్చాను.

"ఎక్కడ చూస్తున్నారమ్మా?"

"అంత దూరం నేస్ ఊరి దాకా చూస్తున్నాం అంకుల్. పాప స్కూలే..." అని ఆగి, పెట్టె మడతలు సరిచేసుకుంటూ వెళ్లిపోయింది. మైసూర్‌పాక్ ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు.

కాబట్టి పాఠకులారా, మళ్లీ చెబుతున్నాను. సామాను తగ్గించుకున్నవాడే ధన్యుడు! సందేహమే లేదు.

ఇంతకీ ఈ కొట్టు నాకూ అద్దెదే. దీని ఓనరు గురువారం ఓసారి వచ్చి చూసిపోతానని కబురు పెట్టాడు. వెనక గది తలుపు సుధేష్ణ గ్రైండర్లకు తగిలి సగమే తెరుచుకుంటోంది. గోడల నిండా బూజు, నేలంతా పిండి. ఇది తెలిసి మా ఆవిడ చీపురు పట్టుకుని బయల్దేరింది.

లాక్కుని, బియ్యం బస్తాల వెనక దాచేశాను.