కాల్చిన గొర్రెకు పచ్చబొట్టు

ఆ ఉదయం మీమూన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా పెళ్లి ఫోటోలకు మెరుగులు దిద్దాలి. సాయంత్రం వాటిని పెళ్లివారింట్లో పెద్ద టీవీలో చూపించాలి. అందరూ ఆహా ఓహో అంటున్న ఆ మంచి ఘడియలో వాళ్లమ్మ యామ్నా, నీలికాగితం చుట్టిన పంచదార దిమ్మను ఇత్తో అవ్వ ముందు పెట్టి ఆవిడ చిన్న మనవరాలు తూదాను తన కొడుక్కిమ్మని అడగాలి. అవ్వ దిమ్మను చేతికి తీసుకుంటే సంబంధం ఖాయం. తీసుకోకపోతే అంతే సంగతులు. అవ్వ కాదన్న కుర్రాడికి అజ్రూ ఊళ్లో పిల్ల మాట అటుంచి, అరువుకు గొడుగు కూడా దొరకదు.

పెళ్లి తూదా అక్కది. వరుడు ఫెజ్ నగరంవాడు. ఫోటోలు తీసింది, సంతవీధిలో స్టూడియో నడిపే మన మీమూన్. కంప్యూటర్ ముందు కూర్చున్నాడో లేదో తూదా ఫోన్ చేసింది.

"అవ్వ తన ఫోటో చూసుకుని, ఎండిన అత్తిపండులా ఉన్నానే అంది. కాస్త సరిచెయ్యి. కాస్తే! నీ సంగతి నాకు తెలుసు, ఉప్పెయ్యమంటే సముద్రం పోస్తావు."

"నా చేతిమీద నమ్మకం లేదా?"

"చేతిమీద ఉంది. నీ ఉత్సాహం మీదే లేదు."

ఫోటోలో ముడతలు తీయడం దర్జీపని లాంటిది. చినిగినచోట పక్కనున్న గుడ్డతోనే అతుకు వేసినట్టు, మచ్చ ఉన్నచోట పక్కనున్న నున్నటి చర్మాన్ని తెచ్చి కప్పుతారు. ఒక్కొక్క మచ్చనూ చూసుకుంటూ కప్పితే పూట పడుతుంది. అన్నీ నువ్వే చూసుకోమని కంప్యూటర్‌కు వదిలేస్తే క్షణంలో అయిపోతుంది. ప్రేమలో ఉన్నవాడికి ఓపిక ఎక్కడిది? అవ్వ ఉన్న ఫోటోలన్నీ ఎంచి, మీట నొక్కి, వెళ్లి పుదీనా టీ పోసుకున్నాడు.

తిరిగొచ్చి చూస్తే అవ్వ తూదాకు చెల్లెలిలా ఉంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ గడ్డం కూడా నున్నగా గుమ్మడిపండులా మెరుస్తోంది. పెదవి కిందనుంచి దిగే నిలువుగీత, దానికి అటూ ఇటూ చుక్కలు, చిన్నప్పుడు సూదితో పొడిపించుకున్న తెగ పచ్చబొట్టు మాయం! పాపం, మచ్చకూ పచ్చబొట్టుకూ తేడా ఏమిటో కంప్యూటర్‌కు ఏ అవ్వా చెప్పలేదు.

వెనక్కి వెళదామంటే దారి లేదు. కొత్త ఫోటోలను పాతవాటి మీదే భద్రపరిచేశాడు. పాత ఇల్లు కూల్చి అక్కడే కొత్తది కట్టాక పాత కిటికీ కావాలంటే ఎక్కడినుంచి వస్తుంది? కెమెరాలోని కార్డు చూశాడు. దాన్ని తుడిచేసి, ఇంకో పెళ్లికి వాడేశాడు కూడా.

అప్పుడు కంటపడింది వాళ్లమ్మ ఫోటో. యామ్నా కూడా ఆ పెళ్లికి వెళ్లింది. ఆవిడ గడ్డం మీదా పచ్చబొట్టు ఉంది. కాకపోతే తెగ వేరు. చుక్కల బదులు చిన్న చిన్న కొమ్మలు. మీమూన్ ఆ కొమ్మల వంక కాసేపు చూసి, "అంత దగ్గరగా ఎవరు చూడొచ్చార్లే" అనుకున్నాడు. ఈ ప్రపంచంలో చెడిపోయిన పనుల్లో సగం ఈ మాటతోనే మొదలయ్యాయి.

అమ్మ గడ్డం మీది గీతను కత్తిరించి, అవ్వ ఫోటో మీద ఒక పొరగా వేశాడు. పొరంటే ఫోటో మీద పెట్టిన గాజుపలక అనుకోండి. అతుకు పలక మీద ఉంటుంది, అడుగున ఫోటో అలాగే ఉంటుంది. తర్వాత పందిరి దీపాల పసుపు తగ్గించి, వెలుతురు పెంచాడు. అవ్వ దివ్యంగా వచ్చింది. ఆ వెలుతురే అన్నిటికీ రావాలని, "దీనికి చేసినవన్నీ మిగతావాటికీ చెయ్యి" అనే మీట నొక్కాడు.

అన్నీ అంటే కంప్యూటర్ అన్నీ అనే అనుకుంది. వెలుతురుతోపాటు పచ్చబొట్టునూ పంచిపెట్టింది. గడ్డం ఎక్కడుందో దానికి తెలియదు. ఎడమనుంచి ఇంత, కిందనుంచి ఇంత అని కొలిచి, ప్రతి ఫోటోలోనూ అదే చోట ముద్ర కొట్టుకుంటూ పోయింది. మీమూన్ ఒక్కసారి చూసుకుని ఉంటే బాగుండేది. కానీ తలుపు దబదబా మోగింది.

"ఒరే, నీకు పెళ్లి కావాలా, కంప్యూటర్ కావాలా? పంచదార మోసి మోసి నా చేతులు పడిపోతున్నాయి!" అని యామ్నా వీధిలోనుంచే కేక పెట్టింది.

పెళ్లివారింట్లో చుట్టాలు గోడ చుట్టూ దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. కొత్త అల్లుడు, వాళ్లమ్మ లల్లా జీనబ్ ఫెజ్ నుంచి వచ్చారు. మొదటి ఫోటోలో పెళ్లికూతురి అరచెయ్యి. దానిమీది గీతను అందరూ గోరింటాకే అనుకున్నారు. రెండో ఫోటోలో పెళ్లికొడుకు. సరిగ్గా గడ్డం మధ్యలో, పచ్చగా, కొమ్మలతో సహా పచ్చబొట్టు.

"ఇదేం విడ్డూరం! మావాడికి ఆడవాళ్ల బొట్టు పొడిచేశారా?" అని లల్లా జీనబ్ గబగబా రుమాలు తడిపి పక్కనే ఉన్న కొడుకు గడ్డం రుద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, నా గడ్డం మీద ఏం లేదే!"

"అంత పెద్ద టీవీలో కనిపిస్తుంటే లేదంటావేంట్రా!"

మూడో ఫోటోలో తూదా మేనమామ రహ్హో బట్టతల నడినెత్తిన. నాలుగో ఫోటోలో, పళ్లెంలో పడుకున్న కాల్చిన గొర్రె నుదుట.

"గొర్రె కూడా మనవాళ్లదేనన్నమాట. తెలిస్తే తినకపోదుం కదా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గదంతా గొల్లుమంది.

మీమూన్ చెమటలు కక్కుతూ లేచాడు. "కంగారుపడకండి. ఒక ఫోటోలో చర్మం కోసి ఇంకో ఫోటోలో అతికిస్తాం. అంతే!"

"చర్మం కోశాడట!" అని లల్లా జీనబ్ ఇంకా గట్టిగా రుద్దింది. అల్లుడి గడ్డం ఎర్రబడింది.

"నా నెత్తిమీద ఎవరి చర్మంరా పెట్టావు?" అని రహ్హో మామ రంకె వేశాడు.

ఇత్తో అవ్వ మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. మీమూన్ ప్రాణం కాస్త కుదుటపడింది. సరిగ్గా అప్పుడే అవ్వ ఫోటో వచ్చింది.

అవ్వ నవ్వు ఆగింది. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, గాజుకు ముక్కు ఆనించి చూసింది. "ముఖం బాగుంది. గడ్డం నాది కాదు" అంది. వెనక్కి తిరిగి, నేరుగా యామ్నా దగ్గరికొచ్చి, వేలితో ఆవిడ గడ్డం పైకెత్తింది. "ఇదీ ఆ గడ్డం!"

మీమూన్‌కు చేజేతులా తూదాను పోగొట్టుకున్నానని ఏడుపొచ్చినంత పనైంది. తూదా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మకి వేరే తెగ గుర్తు వేస్తావా? లేవండి! ఆ దిమ్మ తీసుకుని మర్యాదగా లేవండి!" అన్నాడు రహ్హో మామ. యామ్నా దిమ్మకేసి చెయ్యి చాచింది.

"ఆగు యామ్నా" అంది అవ్వ. "పిల్లనడగడానికి వచ్చేవాళ్లు ముందు అడుగుతారు, తర్వాత తీసుకెళ్తారు. మీవాడు అడక్కుండానే మా ఇంటిల్లిపాదినీ మీ తెగలో కలిపేసుకున్నాడు. పెళ్లికూతుర్ని, ఫెజ్ అల్లుణ్ణి, నా కొడుకు బట్టతలని, గొర్రెని, ఆఖరికి నన్ను! ఇంక తూదా ఒక్కదాన్నీ ఇక్కడుంచుకుని నేనేం చేసుకోను? దాన్నీ పట్టుకుపోండి."

అని పంచదార దిమ్మను రెండు చేతులా ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఆడవాళ్లంతా నాలుకలు ఆడిస్తూ శుభానికి పెట్టే కేకలు పెట్టారు. తూదా కొంగు దించింది. అంతసేపూ నవ్వుతూనే ఉంది దొంగపిల్ల! మీమూన్ సంతోషం పట్టలేక, ఎవరో ఏమిటో చూడకుండా పక్కనున్నవాణ్ణి వాటేసుకున్నాడు. అది రహ్హో మామ.

"ఒకే ఒక్క షరతు" అంది అవ్వ. "మీ పెళ్లి ఫోటోలు ఇంకెవరైనా తియ్యాలి."

తీశారు. ఒక్కదానిలోనూ పెళ్లికొడుకు కళ్లు తెరిచి లేడు, సరిచేస్తానని మాత్రం మీమూన్ ఈనాటికీ నోరెత్తలేదు.