సింథసైజర్ పాడైతేనే పాట

అయ్యలారా, అమ్మలారా! సింథసైజర్ కొన్నవాడు దేవుణ్ణి కోరుకోవలసిన వరం ఒక్కటే. అది కచేరీ మధ్యలో పాడైపోవాలి! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నా జన్మలో జనం మెచ్చుకున్న కచేరీ ఒక్కటంటే ఒక్కటే. అది నా మిషన్ చెడిపోయిన రోజున జరిగింది.

నేను ఆత్మకూరులో పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడుపుతుంటాను. ఒకప్పుడు మా పార్టీలో హార్మోనియం ఉండేది. సిద్ధయ్య వాయించేవాడు, నేను పక్కన నిలబడి తలాడించేవాణ్ణి. ఆ పెట్టె ఎన్నడైనా మొరాయించిందా? తోలు చిరిగితే అతికించేవాళ్లం, మళ్లీ మోగేది. అలాంటి వస్తువు వల్ల మనిషికి గౌరవం ఎక్కడిది?

అందుకే ఎనభై ఆరులో మద్రాసు పోయి సింథసైజర్ తెచ్చాను. సిద్ధయ్య కలువాయిలో తన చేను చూసుకోవడానికి వెళ్లిపోయాడు. నేను స్టేజీ ఎక్కాను. ఒక మిషన్‌తో తృప్తి పడితే నేనెందుకవుతాను? మరుసటేడు రెండోది కూడా తెచ్చి, రెండింటినీ మిడీ అనే తీగతో కలిపాను. ముందున్న దాని మెట్టు నొక్కితే వెనకున్నది కూడా మోగుతుంది. ముందుది వీణలా పలికితే వెనకది వయొలిన్ల గుంపులా అందుకుంటుంది. శాస్త్రం అంటే అదీ!

శాస్త్రం వారం రోజులు మోగలేదు. కబురు బయటికి పోయే రంధ్రంలో పెట్టవలసిన కొనను లోపలికి వచ్చే రంధ్రంలో పెట్టానట. తర్వాత ఛానెల్ గొడవ. మొదటి పెట్టె ఒకటో ఛానెల్లో మాట్లాడుతుంటే, రెండోది మూడో ఛానెల్లో చెవి పెట్టుకొని కూర్చుంది. మా ఇంట్లో నేనూ మా ఆవిడా కూడా అంతే కాబట్టి, ఈ లోపం తొందరగానే కనిపెట్టాను.

"మిడీ అంటే ఏంది మాస్టరూ?" అనడిగాడు మా తబలా ఖాజావలి. వివరంగా చెప్పాను. అంతా విని, "రెండు పెట్టెలుండాయి గదా, మిడిమిడి అయింది. ఇంగ జ్ఞానం ఎవురు తెస్తారు?" అన్నాడు. తబలా వాళ్లకు టెక్నాలజీ అంటే అసూయ!

మా పార్టీలో పాడేది సుబ్బరత్నమ్మ. నాకంటే పెద్దది, నన్ను అబ్బయ్యా అని పిలుస్తుంది. ఒకప్పుడు ఆమె పాడుతుంటే కలిగిరి బస్టాండులో కండక్టర్లు విజిల్ వేయడం మరిచిపోయేవాళ్లు. సింథసైజర్ వచ్చాక ఎందుకో గొంతు పోయింది. పైకి వెళ్తే కీచుమనేది. దగ్గేది. పల్లవి దాటేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. పాపం, వయసు! అని ఊరంతా నేనే చెప్పాను. నెల్లూరు నుంచి కొత్తమ్మాయిని రమ్మన్నాను కూడా. ఉదయగిరి పెళ్లే నీకు ఆఖరు అక్కా, అని సుబ్బరత్నమ్మతో మొహం మీదే చెప్పాను. దాపరికం నాకు చేతకాదు!

"సరేలే అబ్బయ్యా" అంది. అంతే. మూడు దశాబ్దాల పాట ఆ రెండు మాటల్లో అయిపోయింది.

ఉదయగిరిలో చెంచురామయ్య గారి కూతురి పెళ్లి. సాయంత్రం పందిరి నిండా జనం. నేను రెండు మిషన్ల మధ్య విమానం నడిపేవాడిలా కూర్చున్నాను. మొదటి పాటకే సుబ్బరత్నమ్మ గొంతు చీలింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మైకు ఖాజావలి పక్కన పెట్టేసింది.

సరిగ్గా అప్పుడు, కాఫీ బకెట్టుతో పరుగెత్తుతున్న పెళ్లివారాయన కాలికి నా మిడీ తీగ తగులుకుంది. ముందు మిషన్ పడిపోబోయింది. పట్టుకోబోయాను. నా బొటనవేలు ఏదో నల్లమెట్టు మీద పడింది. అదే క్షణంలో తీగ ఊడిపోయింది.

వెనక మిషన్ ఆ స్వరం అందుకుంది. ఇక వదలలేదు!

వేలు తీశాను. మోగుతోంది. బటన్లన్నీ నొక్కాను. మోగుతోంది. మెట్టు వదిలేశానన్న కబురు వెనకదానికి చేరాలంటే తీగ ఉండాలి కదా? అదేమో కాఫీలో తడుస్తోంది. స్విచ్ తీసేస్తే సరిపోయేదని ఇప్పుడు మీకు తెలుసు, నాకు తెలుసు. అప్పుడు నాకు తెలిసిందల్లా చెమట!

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంతలో సుబ్బరత్నమ్మ తలెత్తి ఆ స్వరం విన్నది. మెల్లగా మైకు తీసుకుంది.

పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపే పాట ఎత్తుకుంది. కీచు లేదు, దగ్గు లేదు. చెరువు నిండినట్టు నిండింది గొంతు. ఖాజావలి ఉలిక్కిపడి తబలా దగ్గరికి లాక్కున్నాడు. కబుర్లు ఆగిపోయాయి. పెళ్లికూతురి తల్లి స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. నవ్విన వెనక వరస ముందుకు జరిగి కూర్చుంది. పాట వెనక పాట, హారతి వెనక లాలి. నేను మాత్రం చేతులు కట్టుకుని గంభీరంగా కూర్చున్నాను.

అయ్యాక చెంచురామయ్య గారు నా చేతులు పట్టుకున్నారు. "ఏం వాయించినారు మాస్టరూ! మెట్టు ముట్టకుండా వాయించేది ఇదే చూడ్డం!"

వినయంగా తల వంచాను. ఇంకేం చేయను?

భోజనాల దగ్గర సుబ్బరత్నమ్మ పక్కన కూర్చున్నాను. "అక్కా, గొంతు ఎట్లా తిరిగొచ్చింది?"

"యాడికి పోయింది, తిరిగొచ్చేదానికి? నా శ్రుతి ఐదున్నర. అది నల్లమెట్టు. సిద్ధయ్య దాని మీదనే వాయించేవాడు. నువ్వు తెల్లమెట్లు దాటి రావు. దానికి పైనుండే నీ ఒకటో శ్రుతికి ఎగబాకలేక గొంతు చించుకుంటా ఉండాను. ఈ పొద్దు నీ మిషనే నా శ్రుతి పట్టింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పినాను. నువ్వు తీగలు పీక్కుంటా ఉండావు. మిషన్ ఇంతే, నువ్వే సర్దుకో అన్నావు." ఆమె ఆకులో పెరుగు కలుపుకుంది. "మజ్జిగ మిరపకాయ ఇట్టా జరుపు."

చూశారా! ఒక పెట్టె మాట ఇంకో పెట్టెకు వినిపించాలని అన్నాళ్లు తంటాలు పడ్డానే, అదెంత గొప్ప సాధన!

నెల్లూరు అమ్మాయికి రావద్దని కబురు పెట్టాను. మిడీ తీగ కొత్తది వేయించాను. రెండు మిషన్లూ ఇప్పుడు దివ్యంగా పనిచేస్తున్నాయి. అదే నా కష్టం! వరికుంటపాడు నారాయణయ్య గారు మనవరాలి పెళ్లికి మాట్లాడుకోను వచ్చి, "ఉదయగిరిలో మాదిరే కావాల మాస్టరూ. మీరు చెయ్యి పెట్టబాకండి" అన్నారు. కళాకారుడికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

అందుకని ఈ మధ్య మధ్యాహ్నాలు సుబ్బరత్నమ్మ వసారాలో మిషన్ ముందు కూర్చుంటున్నాను. ఆమె బియ్యం ఏరుకుంటూ పాడుతుంది, నేను వెతుక్కుంటాను.

"అది కాదు. దాని పక్కది."

"నల్లదా అక్కా?"

"నల్లదే. కొరకదులే అబ్బయ్యా, నొక్కు."