వంగినవాణ్ణి వంగినట్టే

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, నాకు నవ్వొస్తే నడుములో కలుక్కుమంటుంది.

ఆ రోజు ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాను స్టాండు మీదికి ఎత్తబోయాను. మోకాళ్ల దాకా వచ్చి అది మొండికేసింది. కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, పసిపిల్లను చంకనెత్తుకున్నంత తేలిగ్గా దాన్ని ఎత్తి పెట్టేసింది.

"అలిసిపోయినట్టున్నారు, కూర్చోండి" అంది.

తిట్టినా బాగుండేది. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి. స్కూల్లో ఫిజిక్సు చెబుతాను. బరువులెలా ఎత్తాలో ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మలేసి చూపిస్తున్నాను. ఇక నా పని అయిపోయిందనిపించి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే వాకింగని చెప్పి బయల్దేరి, రెండు వీధుల అవతలున్న జిమ్ములో చేరిపోయాను. ఎవరికీ తెలియకుండా నెల రోజుల్లో కండలు పెంచి ఆవిడ నోరెళ్లబెట్టేలా చెయ్యాలని పథకం.

అక్కడ నేర్పే అతనికి కండల మాస్టారని నేనే పేరు పెట్టుకున్నాను. నన్ను ఎగాదిగా చూసి ఒక కుర్చీ మెషీన్లో కూలేశాడు.

"ముందు మెషీన్లు సార్. బరువు ఒకే దారిలో కదులుతుంది, పక్కకి తూలదు. ఒళ్లు అలవాటు పడ్డాక ఖాళీ రాడ్డుతో మొదలెడదాం."

"ఎప్పుడు?"

"వీపు గూనిలా తేలకుండా వంగడం వచ్చాక."

వంగడానిక్కూడా ట్యూషనా! పక్క మెషీన్లో ఒక బామ్మగారు నాకన్నా రెండు బరువు పలకలు ఎక్కువ పెట్టుకుని, నాకేసి జాలిగా చూశారు. ఆ చూపు నాలుగు రోజులు భరించాను.

ఐదో రోజు మాస్టారు అటు తిరగగానే, రాడ్డుకి అటూ ఇటూ పెద్ద బరువు చక్రాలు తగిలించి, నడుం విల్లులా వంచి ఒక్క గుంజు గుంజాను.

రాడ్డు కదల్లేదు. నడుములో ఏదో కదిలింది.

వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ప్రపంచం మొత్తంలో నాకు కనిపిస్తున్నవి నా బూట్లే. కాసేపటికి మాస్టారి బూట్లు వచ్చాయి. ఆ వెనకే బామ్మగారివి.

"ఇంటికి ఫోన్ చేస్తాను సార్."

"వద్దు బాబూ! మా ఆవిడకి తెలిస్తే పరువు పోతుంది. స్కూలుకి పంపించెయ్యండి."

"ఇలాగేనా?"

ఇక జన్మంతా నేల చూసుకుంటూ పాఠాలు చెప్పాల్సిందేనని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవీ తిన్నగా బూట్ల మీదే పడ్డాయి.

మాస్టారు నా మాట వినకుండా, ఫారంలో అత్యవసరానికని నేను రాసిన ఇంటి నంబరు నొక్కి, ఉలిక్కిపడ్డాడు.

"అరె, ఈ నంబరు నా ఫోన్లో ఉందే! సార్, మేడమ్ మీ ఆవిడా?"

"ఏ మేడమ్?"

"మా మధ్యాహ్నం బ్యాచ్ మేడమ్. ఎనిమిది నెలలుగా వస్తున్నారు. మూడు నెలలు మెషీన్ల మీదే చేశారు. ఆ తర్వాతే రాడ్డు పట్టుకున్నారు."

పది నిమిషాల్లో ఆవిడ చెప్పులు కూడా నా కళ్లముందు నిలబడ్డాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అని ఆ చెప్పుల్ని అడిగాను.

"నవ్వుతారని."

నిజమే, నవ్వేవాణ్ణే. ఆ మాట నడుం నొప్పికన్నా ఎక్కువ సలిపింది.

కండరం చీలిందని, ఆరు వారాలు చెంబెడు నీళ్లు కూడా ఎత్తొద్దని డాక్టరన్నాడు. పక్కకి ఒత్తిగిలి, చేతులానించి మంచం దిగడం మా ఆవిడే నేర్పింది. నా సాక్సులు కూడా ఆవిడే తొడిగింది. ఒక్కసారైనా దెప్పిపొడిచి ఉంటే కాస్త తేరుకునేవాణ్ణి.

ఆరు వారాలయ్యాక ఆవిడే నన్ను జిమ్ముకి నడిపించింది. మెషీన్లో కూర్చోబెట్టి, వీపు దిండుకి ఆనిందో లేదో చూసి, పిన్ను అన్నిటికన్నా తేలిక బరువుకి గుచ్చింది. తను మాత్రం రాడ్డుని కాళ్లకి ఆనించుకుంటూ, తిన్నని వీపుతో నింపాదిగా లేపింది.

"నాకే ఎందుకు ఈ కుర్చీ?"

"అది పక్కదారి పట్టనివ్వదు."

"మరి నీకు?"

"ఇంట్లో ఒకటి చెప్పి ఇంకోచోటికి పోయే అలవాటు నాకు లేదు."

ఎనిమిది నెలల మధ్యాహ్నాల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయాను.

"అలా బిగబట్టకండి, మళ్లీ పట్టేస్తుంది" అంది మా ఆవిడ. "వదిలెయ్యండి."

వదిలేశాను.