బల్ల మీద ఉప్పు

పొద్దున ఏడింటికే భాగమ్మ ఆ రోజు పని లెక్క వేసేసుకుంది. పన్నెండు లోపు కందిపప్పు, వంకాయకూర దించాలి. ఒంటిగంటకు నలభై మంది వస్తారు. తాండూరులో బండలు కోసేవాళ్లకు మధ్యాహ్నమంటే ఆమె మెస్సే.

అంతలో కోడలు అంబిక, జనానికి బీపీ పెరుగుతోందని సర్కారు తెచ్చిన కొత్త ఉత్తర్వు చదివి వినిపించింది. బల్లల మీద ఉప్పు ఉండకూడదు. అడిగినవాళ్లకు ఒక్క చిన్న పొట్లం, అదీ చేతికే ఇవ్వాలి. తప్పితే మెస్సుకు తాళం. తనిఖీకి వికారాబాద్ నుంచి మల్లేశ్వర్ సారు ఈ రోజే వస్తాడట.

"పొద్దంత బండలు కోసి చెమటలు కక్కేటోళ్లకు ఉప్పు సర్కారు తూస్తదా?" అంది భాగమ్మ. "నా బల్ల, నా ఉప్పు."

"మెస్సు బందయితే ఏం తింటమత్తా?" అంటూ అంబిక ఉప్పు గిన్నెలన్నీ లోపల పెట్టేసింది. భయంకొద్దీ పప్పులోనూ ఉప్పు సగమే వేసింది.

ఒంటిగంటకు బండల పాండు మొదటి ముద్ద తిని మొహం చిట్లించాడు. "వదినా, జర ఉప్పియ్యి."

అంబిక పొట్లం అందించింది. పాండు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చేతికి ఉప్పిస్తరా ఎవరన్న? మనిద్దరికి కొట్లాట పెడతవా? కింద పెట్టు, తీస్కుంట."

బల్ల మీద పెడితే తాళం. అంబిక ఆలోచించి నేల మీద పెట్టింది. నేల గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. పాండు దానికోసం వంగి, మళ్లీ లేవడమెందుకని కంచంతో అక్కడే కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. జాగా చాలక వరుస గడప దాటి రోడ్డెక్కింది. ఆటోలు ఆగాయి. ఎవరో ఫొటో తీసి "తాండూరులో ఉప్పు ధర్నా" అని గ్రూపుల్లో పెట్టారు. కొడంగల్ బస్సు దిగిన ఇద్దరు, దేనికని అడక్కుండానే వచ్చి కూర్చున్నారు.

మల్లేశ్వర్ జీపు దిగుతూనే అరిచాడు. "ధర్నా ఎవరు చేయిస్తున్నరు? ఇప్పుడే తాళమేస్త!"

"ధర్నా కాదు సారు, బువ్వ తింటున్నరు," అంది భాగమ్మ. "మీరూ తినుండ్రి. తిన్నంక ఏస్కోండ్రి తాళం."

ఆకలి మీదున్నాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండో ముద్ద సగంలో ఆగింది. "ఉప్పు..."

"అడిగిండ్రు గద. చెయ్యి చాపుండ్రి." భాగమ్మ పొట్లం అందించింది.

ఆయన చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది. గడప దగ్గరివాళ్లు మెడలు చాచి చూశారు.

"జర... బల్ల మీద పెట్టమ్మా," అన్నాడు మెల్లగా. "మా అమ్మకు తెలిస్తే ఊకోదు."

భాగమ్మ పొట్లం పెట్టలేదు. లోపలికెళ్లి గిన్నెడు ఉప్పు తెచ్చి, బల్ల అదిరేలా ఆయన ముందు పెట్టింది.

"బల్ల మీద ఉప్పుంది సారు. తాళం ఇప్పుడేస్తరా, పెరుగన్నం తిన్నంకనా?"

ఆ సాయంత్రం మల్లేశ్వర్ పైకి పంపిన నివేదికలో చర్చలు ఫలించి ధర్నా విరమించారని ఉంది. ఎవరి డిమాండుకు ఎవరు ఒప్పుకున్నారో మాత్రం లేదు.