నిలువెత్తు ఫ్రేము

ఆ రోజు కీర్తిప్రియ పెట్టుకున్న పని ఒక్కటే. భీమవరంలో తమ పాత మేత గోడౌనులో ఉక్కు గొట్టాలు కోసి, అతికి, ఆకురాయితో నునుపు చేసిన కొండసైకిలు ఫ్రేమును సాయంత్రం విజయ్ పాల్‌కి అప్పగించాలి. అతను రాజమండ్రిలో లెక్చరరు. ఆమె తొలి గిరాకీ. ఆ ఆర్డరు వచ్చినప్పటి నుంచి ఆమె తండ్రి గోపాలకృష్ణంరాజు చొక్కాకి పై గుండీ పట్టడం లేదు.

"మా అమ్మాయి ఉక్కు ఫ్రేములు చేస్తోందండి. మనిషి కొలత తీసుకుని మరీ చేస్తుంది," అన్నారాయన పొద్దున్నే టీకొట్టు దగ్గర.

ఐసు ఫ్యాక్టరీ అచ్చిబాబు ముఖం వెలిగింది. "సమయానికి చెప్పారు రాజుగారూ! పాలకొల్లు మావగారికి ఒకటి కావాలండి. నిలువెత్తుది. సాయంత్రం సంఘం హాల్లో అందరి ముందూ ముసుగు తీస్తాం."

"ఆయన బరువెంతండి?"

"ఇప్పుడింక బరువేముందండి!"

పాపం, బాగా చిక్కిపోయారు కాబోలనుకున్నారు రాజుగారు. కాసేపటికి అచ్చిబాబు మావగారి నిలువెత్తు ఫోటో పంపించాడు. కొలతలకే అనుకుని రాజుగారు దాన్ని గోడౌనులో గోడకి ఆనించారు. సాయంత్రానికి కొత్తది తయారు కాదు. ముందు పనితనం చూపిస్తే చాలనుకుని, కూతురు బజారుకెళ్ళిన వేళ విజయ్ పాల్‌కి ఇవ్వాల్సిన ఫ్రేమునే పట్టుశాలువాలో చుట్టి ఆటో ఎక్కించారు.

కీర్తిప్రియ తిరిగొచ్చేసరికి విజయ్ పాల్ గోడౌనులో నిలబడి ఉన్నాడు. ఫ్రేము ఉండాల్సిన చోట కోటు వేసుకున్న పెద్దాయన ఫోటో ఉంది.

"అమ్మా, నా ఫ్రేమేదే?"

"నాన్నగారు పట్టుశాలువా కప్పి సంఘం హాలుకి పట్టుకెళ్ళారు. నీకు సన్మానమట కదా!" అంది తల్లి సూర్యకాంతమ్మ.

కీర్తిప్రియ, విజయ్ పాల్ పరుగెత్తి హాలు చేరేసరికి, అచ్చిబాబు ఒక చేత్తో దండ పట్టుకుని రెండో చేత్తో శాలువా లాగాడు. చక్రాలైనా లేని ఉక్కు ఫ్రేము బయటపడింది.

"రాజుగారూ, మావగారేరండి?"

"ఆయనే వచ్చి ఎక్కి చూసుకుంటారనుకున్నానండి!"

"ఎలా వస్తారండి? ఆయన పోయి ఏడాదైంది!"

రాజుగారి ముఖం పాలిపోయింది. కీర్తిప్రియ తండ్రి పక్కకి వెళ్ళి నిలబడింది. "తప్పు మాదేనండి. ఫోటో భద్రంగా ఉంది, ఇప్పుడే తెచ్చేస్తాను."

ముందు వరసలోంచి పోయినాయన భార్య సుబ్బాయమ్మ లేచింది. ఫ్రేము దగ్గరికొచ్చి గొట్టాల మీద చెయ్యేసి మెల్లగా తడిమింది.

"ఎక్కడ అతికారో తెలియట్లేదు. ఎవరు చేశారమ్మా?"

"నేనేనండి."

"ఆయన ఐసుదిమ్మలు సైకిలు మీద వేసుకుని ఊరూరా అమ్మేవారు. ఎన్నిసార్లు అతికించినా ఇదిగో, ఇక్కడే విరిగేది. ఇలాంటిది ఒక్కటి దొరికుంటేనా!" అల్లుడి చేతిలోంచి దండ తీసుకుంది. "ఆ ఫోటోలో కోటు అద్దెది బాబూ. దండేస్తే దీనికే వెయ్యాలి."

వేసేసింది. హాలంతా చప్పట్లు.

"అమ్మా, అది నాదండి," అన్నాడు విజయ్ పాల్ నెమ్మదిగా.

"నీదేలే నాయనా, పట్టుకెళ్ళు. ఈ హాలు గోడకి ఇంకోటి చెయ్యమ్మా. చక్రాలొద్దు."

రాజుగారు కళ్ళొత్తుకుని, అప్పటికే సంగతంతా చూసిన పక్కాయనకి చెప్పారు: "మా అమ్మాయేనండి."

కొండలెక్కే ఫ్రేములు చేసే కీర్తిప్రియకి సొంత ఊళ్ళో దొరికిన మొదటి ఆర్డరు అలా గోడెక్కింది.