పుల్లన్న కొట్టంలో హాకీ పందెం

రాజంపేటలో శనక్కాయల వ్యాపారం చేసే పుల్లన్నకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఎవరూ ఏ పదవీ ఇవ్వలేదు. ఒకసారి పంచాయతీకి నిలబడ్డాడు. ఇంట్లో ఉన్న ఓటు కూడా తనకు పడిందో లేదో ఆయనకు అనుమానమే. అలాంటి మనిషి పందొమ్మిదివందల యాభై మూడు ఎండాకాలంలో హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు.

ఆట వచ్చి కాదు. కొట్టం ఉండి.

ఖాసిం సాహెబ్ పోలీసు పని చేసి దిగినవాడు. కర్నూలులో కొలువు చేసినన్నాళ్ళూ హాకీ ఆడాడు. కిందటేడు ఒలింపిక్స్‌లో మనవాళ్ళు గెలిచినప్పటినుంచి వీధి అరుగుమీద ఆయన వేరే మాట మాట్లాడలేదు. వినీ వినీ ఆరుగురికి ఆశ పుట్టింది. కానీ మే నెలలో రాజంపేట బయలులో ఆడితే బంతికంటే ముందు మనిషి దొర్లుతాడు.

"నా కొట్టంలో ఆడదాం" అన్నాడు పుల్లన్న. "కాయలన్నీ అమ్మేసినా. ఖాళీగా ఉండాది. కింద కడపబండలు. బంతి నీళ్ళమాదిరి పోతాది."

"అయితే నువ్వే కెప్టెన్" అన్నాడు ఖాసిం సాహెబ్.

ఆ పూట పుల్లన్న ఇంటికి నడిచి వచ్చిన నడకే వేరు. కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

చిక్కు ఒక్కటే. ఏటా ఎండాకాలం ఆయన భార్య నాగలక్ష్మమ్మా, వీధి ఆడవాళ్ళూ ఆ కొట్టంలో చల్లని బండలమీద కూర్చుని ఉద్దిపిండి అప్పడాలు ఒత్తుతారు. ఒక్క ఇంటికి కాదు, వీధి మొత్తానికి.

"ఈయేడు అప్పడాలు పంచలో ఒత్తుకోండిమే" అన్నాడు పుల్లన్న, కంచంలోనుంచి తల ఎత్తకుండా.

"పంచలో గాలికి పిండి ఎండిపోతాది. నీ కట్టెలాటే పంచలో ఆడుకో."

"కట్టెలాట కాదు, హాకీ. నేను కెప్టెన్ను."

"నిన్నా? ఏంటికి?"

"జట్టుకు."

"అది సరేనయ్యా. నిన్ను ఏంటికి చేసినారంట?"

పుల్లన్న ఆ ప్రశ్నను మజ్జిగన్నంతో కలిపి మింగేశాడు. చేయి కడుక్కునేలోపల ఆయనకు ఒక ఉపాయం తట్టింది.

"పందెం కడదాం. శుక్రవారం మీరు ఆరుగురు, మేం ఆరుగురు. గెలిచినోళ్ళకు ఎండాకాలమంతా కొట్టం."

ఈ ఆడవాళ్ళు కట్టె పట్టుకుంటారా, పరుగెత్తుతారా? పందెం మాట వింటేనే వెనక్కి తగ్గుతారు. అదీ ఉపాయం.

నాగలక్ష్మమ్మ పొయ్యి ముందునుంచి లేచి వచ్చి కూర్చుంది. "రూల్సు చెప్పు" అంది.

పుల్లన్న గరిటెను కట్టె చేశాడు, నిమ్మకాయను బంతి చేశాడు. ఖాసిం సాహెబ్ దగ్గర మూడు రోజులు నేర్చుకున్నది ముప్పై ఏళ్ళు ఆడినట్టు చెప్పాడు.

"ఇది బయట ఆడే హాకీ కాదు, లోపలాడేది. కట్టెత్తి బాదకూడదు. నెట్టాల, అంతే. బంతి నేలమీదనే పోవాల."

"పైకి లేస్తే?"

"తప్పు. బంతి అవతలోళ్ళకు ఇస్తారు."

"కాలికి తగిల్తే?"

"అదీ తప్పే. గోలు కాసే మనిషి ఒక్కడే కాళ్ళు అడ్డం పెట్టొచ్చు."

"గోడకు తగిల్తే?"

"గోడల ఎంబడి వాసాలు పరుస్తాం. వాసానికి తగిలి తిరిగొచ్చినా ఆట ఆగదు."

"గోలు ఎప్పుడైనట్టు?"

"గోలు ముందర సగం చక్రం గీస్తాం. దాంట్లోకి వచ్చి నెడితేనే గోలు. బయటనుంచి నెట్టింది లోపలికి పోయినా చెల్లదు."

"ఎంత గట్టిగా నెట్టినా?"

"నువ్వు రాజంపేటనుంచి ఒంటిమిట్టకు నెట్టినా చెల్లదు!"

నాగలక్ష్మమ్మ నిమ్మకాయ తీసుకుని వంటింట్లోకి పోయింది. "శుక్రవారం వస్తాం" అంది లోపలినుంచి.

గురువారం మధ్యాహ్నం పుల్లన్న మేకు కొట్టి, తాడు కట్టి సగం చక్రం గీశాడు. అది పగిలిన గుమ్మడికాయ మాదిరి వచ్చింది. రెండోసారి గీస్తే వంకాయ వచ్చింది. గడపలో నిలబడి చూస్తున్న నాగలక్ష్మమ్మ, "వదిలిపెట్టు. పొద్దున్నే ముగ్గుపిండితో నేనేస్తాలే, రెండు పక్కలా" అంది.

భార్య అప్పుడే దారికి వచ్చిందని పుల్లన్న మురిసిపోయాడు.

శుక్రవారం జుమా నమాజు చేసుకుని ఖాసిం సాహెబ్ విజిల్ పట్టుకుని వచ్చాడు. అంపైరు ఆయనే. వంకర తిరిగిన తుమ్మకట్టెలు పన్నెండు, గుడ్డపీలికలు చుట్టి పురికొసతో బిగించిన బంతి ఒకటి సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్ళలో పుల్లన్న ముందు. ఆయన వెనక బొజ్జ రంగన్న, దూదేకుల హుసేనప్ప, ఇంకో ఇద్దరు. గోలు దగ్గర పెద్ద ఈరన్న.

ఆడవాళ్ళు చీరలు బిగించి దోపుకుని వచ్చారు. హుసేనప్ప పెళ్ళాం పీరమ్మ కూడా వారిలో ఉంది. వాళ్ళ గోలుకు కాపలా మంత్రసాని లక్ష్మక్క. ఆమె వస్తూనే గోలుకు అడ్డంగా కాళ్ళు చాపి నేలమీద కూర్చుంది.

"ఏం లక్ష్మక్కా, కూలబడితివే?" అన్నాడు రంగన్న.

"కాళ్ళు అడ్డం పెట్టొచ్చంట గదప్పా. పెట్టినా."

విజిల్ ఊదగానే బంతి పుల్లన్నకే దొరికింది. నెట్టుకుంటూ ఉరికాడు. అంతదాకా తమ గోలు ముందర గుంపుగా నిలబడి ఉన్న ఆడవాళ్ళు ఒక్కరూ అడ్డం రాలేదు. పైగా దారి ఇచ్చారు.

"చూసినారా, ఎట్ల తప్పుకుంటాండారో!" అని అరుస్తూ సగం చక్రం దాకా పోయి, పుల్లన్న టక్కున ఆగిపోయాడు. వెనకనుంచి రంగన్న బొజ్జ వచ్చి ఆయన్ను గుద్దుకుంది.

సగం చక్రం గీత చక్కగా ఉంది. గీత లోపల, ఈ చివరనుంచి ఆ చివరకు, ఎనిమిది రేకుల పద్మం విచ్చుకుని ఉంది. నడుమ పసుపు, పసుపుమీద కుంకుమ.

"ఏందిమే ఇది?"

"ముగ్గు."

"నువ్వు వేస్తానన్నది సగం చక్రం గదా!"

"వేసినా గదా. శుక్రవారంపూట లోపల బోసిగా ఉంటే ఏం బాగుంటాదని పద్మం పెట్టినా."

పుల్లన్న అంపైరు వైపు తిరిగాడు. ఖాసిం సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. "గీత సరిగ్గానే ఉండాదప్పా. గీత లోపల ముగ్గు ఉండకూడదని ఏ రూల్లోనూ లేదు."

"తొక్కుకోని పోండి. నేనేమన్నా అంటినా?" అంది నాగలక్ష్మమ్మ.

చిన్నప్పుడు శుక్రవారం ముగ్గు తొక్కినందుకు వాళ్ళమ్మ పెట్టిన వాత పుల్లన్న పిక్కమీద ఇంకా ఉంది. ఆయన కాలు తనంతట తనే వెనక్కి వచ్చింది.

"రంగన్నా, నువ్వు పో."

"నా కూతురి సంబంధం కుదిరేటట్టుండాది. లక్ష్మీదేవిని తొక్కి చెడగొట్టుకోమంటావా?"

"హుసేనప్పా, నీకేమప్పా, నువ్వు పో!"

"మా వాకిట్లో ముగ్గు ఉండదా? తొక్కినోణ్ణి మా పీరమ్మ గడప ఎక్కనిస్తాదా?" అన్నాడు హుసేనప్ప. ఎదురుగా పీరమ్మ కట్టె పట్టుకుని మొగుణ్ణే చూస్తోంది.

ఇక బయటనుంచి నెట్టడం మొదలుపెట్టారు. నెట్టిందల్లా లక్ష్మక్క కాళ్ళకు తగిలి తిరిగి వచ్చింది. ఒక్కసారి మాత్రం రంగన్న నెట్టిన బంతి ఆమె మడమ పక్కనుంచి జారి లోపలికి పోయింది. రంగన్న బొజ్జ అదిరేటట్టు గెంతాడు. విజిల్ మోగింది.

"బయటనుంచి నెట్టినావు. చెల్లదు!"

"యా వెధవ పెట్టినాడప్పా ఈ రూలు?" అన్నాడు రంగన్న.

అందరూ పుల్లన్నను చూశారు.

పుల్లన్న మాత్రం బెదరలేదు. ఆయన చేతిలో ఇంకో రూలు ఉంది. సగం ఆటకు విజిల్ ఊదగానే రొమ్ము విరుచుకుని, "ఇంక గోలుపక్కలు మారాల! పద్మం ఇప్పుడు మాది. రాండి చూస్తాం!" అన్నాడు.

"మారాల్సిందే" అంది నాగలక్ష్మమ్మ. మజ్జిగ తాగి చెంబు పక్కన పెట్టి, చీపురు తెచ్చి పద్మాన్ని చిమ్మేసింది. "వేసిన చెయ్యే చిమ్మితే తప్పు లేదులే" అంటూ ముగ్గుచిప్ప పట్టుకుని అవతలికి పోయింది. ఖాసిం సాహెబ్ బీడీ ముట్టించి ఆర్పేలోపల అక్కడ ఇంకో పద్మం లేచింది. దీనికి పదహారు రేకులు. లక్ష్మక్క నడుచుకుంటూ వచ్చి, దాని వెనక కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ తర్వాత మగవాళ్ళు ఆడింది ఆట కాదు, ప్రదక్షిణం. గీత చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయారు. రంగన్న వాసాలమీద వాలిపోయాడు. ఇటు గోలు దగ్గర పెద్ద ఈరన్న చేయడానికి పని లేక వక్కాకు వేసుకుంటున్నాడు.

అప్పుడు బంతి నాగలక్ష్మమ్మకు దొరికింది. పుల్లన్న ఎదురొచ్చి కాళ్ళు వెడల్పు చేసి నిలబడ్డాడు. ఆమె బంతిని గోడ పక్కకు నెట్టింది. అది వాసానికి తగిలి, పుల్లన్న వీపు వెనకనుంచి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె బోసి చక్రంలోకి నింపాదిగా అడుగుపెట్టి, నేలబారుగా నెట్టింది. పెద్ద ఈరన్న ఆకుకు సున్నం రాస్తూ, "ఎవరదీ?" అన్నాడు. బంతి ఆయన పక్కనుంచి పోయింది.

ఒక గోలుతో ఆట ముగిసింది.

శనివారంనుంచి కొట్టమంతా అప్పడాలు. అరుగుమీద రంగన్న ఉమ్మి, "కొట్టమే పోయినాక కెప్టెన్ ఎవరైతే ఏమప్పా?" అన్నాడు. పుల్లన్నకు అది ఓడిపోయినదానికంటే ఎక్కువగా తగిలింది. రెండు రోజులు వంటింటి చుట్టూ తిరిగి, మూడోనాడు గడప దగ్గర నిలబడ్డాడు.

"సాయంత్రంపూట ఒక గంట... కొట్టం ఇస్తావా?"

"మా అప్పడాలు మధ్యానానికే అయిపోతాయి. సాయంత్రం ఎప్పుడూ ఖాళీనే."

పుల్లన్న నోరు తెరిచాడు. "మరి ముందే చెప్పొచ్చు గదమే!"

"నువ్వు అడిగితివా? పందెం కడితివి."

"మరి... కెప్టెన్?"

"నువ్వే ఉండు. ఖాసిమన్నతో నేను చెప్తాలే. కానీ మేం లేచినాక బండలమీద నూనె, పిండి ఉంటాయి. ఆటకు ముందు కడుక్కోవాల. అది కెప్టెన్ చూసుకోవాల."

ఆ మర్నాడు నాలుగు గంటలకు లక్ష్మక్క మరిచిపోయిన పీట కోసం కొట్టంలోకి వచ్చింది. పుల్లన్న పంచె ఎగ్గట్టి, మోకాళ్ళమీద వంగి, గోనెపట్టాతో బండలు రుద్దుతున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?"

పుల్లన్న నడుము నిటారు చేసి, గోనెపట్టా బకెట్లోకి పిండాడు.

"చూస్తాండావు గదక్కా" అన్నాడు. "కెప్టెన్ పని."