ఐదు తూటాలు, ఒక రోకలి

ఆ గురువారం తాయారమ్మ పెట్టుకున్న పనులు రెండే. తొమ్మిదిన్నరలోగా వంట ముగించడం, ఆ తర్వాత రోకలి పట్టుకుని బంగారమ్మ ఇంటికి వెళ్లడం. బంగారమ్మ కొడుకు చిన్నారావు పెళ్లికి పసుపు దంచే ముహూర్తం పది గంటల ఇరవై నిమిషాలకు పెట్టారు. రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు అరవై దాకా ఉన్నా పెళ్లికి పనికొచ్చే రోకలి మాత్రం ఒక్కటే. పదహారేళ్ల కిందట తాయారమ్మ కాపురానికి వస్తూ పార్వతీపురం నుంచి రైలు గార్డు పెట్టెలో వేయించుకు తెచ్చింది. చండ్ర కర్ర, చివర ఇనప పొన్ను, మోసిన వాళ్ల భుజం దిగిపోయేంత బరువు. కాలనీలో ఎవరింట పెళ్లి కుదిరినా పురోహితుడి కంటే ముందు ఆ రోకలి ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవారు.

వంటయ్యాక తాయారమ్మ మూలకేసి చూసింది. మూల ఉంది, రోకలి లేదు.

"ఏటండీ, రోకలేదీ?"

భర్త సత్తిరాజు వ్యాగన్ల షెడ్డులో ఫిట్టరు. ఆ వారం రెండో డ్యూటీ కాబట్టి తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు. "ఊర్మిళ అట్టుకెళ్లింది. స్కూల్లో పనుందంది."

"స్కూల్లో రోకలితో ఏటి పని?"

"వంట పాఠం ఉంటాది కావాల. నేనడగనేదు."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాట్ట. అలాగుంది మీ తండ్రీ కూతుళ్ల యవ్వారం!" అంటూ తాయారమ్మ వీధిలోకి పరుగెత్తింది.

సత్తిరాజుకి తెలియని సంగతి ఏమిటంటే, పదో తరగతి చదువుతున్న ఊర్మిళ బడిలో ఎన్.సి.సి. లో ఉంది. అబ్బాయిల బడివాళ్లు కిందటి నెలలోనే తలా ఐదు తూటాలు కాల్చి వచ్చి, ఊరంతా ఛాతీలు విరుచుకుని తిరుగుతున్నారు. ఆడపిల్లలకీ ఐదేసి మంజూరయ్యాయి. కానీ ఆ ఊళ్లో పెద్ద టీచరమ్మ అనే అర్థంలో అందరూ 'బడీ బెహన్‌జీ' అని పిలిచే హెడ్‌మిస్ట్రెస్ ససేమిరా అంది. ఆ తూటాలు కూడా అబ్బాయిలే కాలుస్తారట. ఆడపిల్లలు కాగితాలకి పడ్డ చిల్లులు లెక్కపెట్టి, వచ్చిన అధికారులకి చాయ్ అందించాలట. పిల్లలు అర్జీ పెట్టుకుంటే ఆవిడ చిరునవ్వుతో ఒక షరతు పెట్టింది. మీలో ఒక్కరి తల్లయినా వచ్చి, మా పిల్ల తుపాకి కాల్చాలి అని నా ఎదుట చెబితే అందరికీ కాల్పిస్తాను, అంది. అలాంటి తల్లి ఈ భూమ్మీద లేదని ఆవిడకీ తెలుసు, పిల్లలకీ తెలుసు.

అందుకే పద్దెనిమిది మంది పిల్లలు గురువారం క్లాసులకి వెళ్లకుండా మైదానంలో ఆయుధాలు భుజాన వేసుకుని మౌనంగా నిలబడాలని తీర్మానించుకున్నారు. బడిలోని చెక్క తుపాకులు గదిలో తాళం కింద ఉన్నాయి కాబట్టి ఎవరి ఆయుధం వాళ్లింటి నుంచే తెచ్చుకున్నారు. చపాతీ కర్రలు, చీపురు కర్రలు, బట్టలు బాదే కర్రలు వచ్చాయి. వాళ్ల నాయకురాలు ఊర్మిళ. అసలు తుపాకి బరువుకి దగ్గరగా ఉండేది తన ఇంట్లో రోకలే అని, రెండు నెలలుగా పెరట్లో దాన్ని భుజాన వేసుకుని కవాతు సాధన చేస్తోంది. కూతురికి ఇంటి పని మీద ధ్యాస కలిగిందని తాయారమ్మ నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

పది గంటలకి తాయారమ్మా బంగారమ్మా కలిపి ఐదుగురు ముత్తయిదువలు రెండు రిక్షాల్లో బడికి బయల్దేరారు. పట్టుచీరలు, కాళ్లకి పసుపు, చేతుల్లో కుంకుమ భరిణె, పసుపు కొమ్ములున్న ఇత్తడి పళ్లెం. రోకలి దొరకగానే రిక్షాలోనే దానికి పసుపు కట్టేసి ఇంటికి పరుగున వస్తే ముహూర్తం అందుతుందని బంగారమ్మ ఆశ. గుఢియారీ బజారులో కూరల బేరాలాడి హిందీ నేర్చిన దాలమ్మను మాట సాయానికి ముందు కూర్చోబెట్టారు. ఆ పళ్లెం చూసి బడి చౌకీదారు ఇదేదో పూజ అనుకున్నాడు. చెప్పులు విడిచి, గేటు రెండు రెక్కలూ తీసి, దణ్ణం పెట్టి మరీ దారి చూపించాడు. ప్రసాదం ఉంటుందని రోడ్డు మీద పోయేవాళ్లు ఓ డజను మంది వెనకాల చేరారు.

మైదానంలో పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. మధ్యాహ్నంలోగా దించకపోతే నాయకురాలి పేరు ఎన్.సి.సి. నుంచి కొట్టేస్తానని బడీ బెహన్‌జీ అప్పటికే కబురు పంపింది. రెండు గంటలుగా రోకలి మోస్తున్న ఊర్మిళ ఖాకీ చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"ఏటే ఇది? బేగి దించు! ముహూర్తానికి ఏడు నిమిషాలుంది!" అంది తాయారమ్మ.

"దించనమ్మా. దించితే హారిపోయినట్టే."

"ఎవులితోనే పోటీ నీకు?"

ఊర్మిళ తల తిప్పలేదు, కళ్లు మాత్రం తిప్పింది. "అమ్మా, లడకాలందరూ కాల్చేశారు. మేం వాళ్లకి చాయ్ ఇవ్వాలంట. నేను కాల్చాలమ్మా. ఐదంటే ఐదే. ఇప్పుడు కాకపోతే జిందగీలో మళ్లీ నాకెవరిస్తారు?"

తాయారమ్మ రోకలి మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. బంగారమ్మ మాత్రం ఆగలేదు. "పిల్ల దించకపోతే మానీ. ఉన్న చోటే కట్టీండి. నా కొడుకు ముహూర్తం తప్పితే నేనూరుకోను!"

అంతే, ఐదుగురూ రంగంలోకి దిగారు. భుజం మీదున్న రోకలికే పసుపు రాసి బొట్లు పెట్టారు. కొత్త గుడ్డలో పసుపు కొమ్ము మూటగట్టి, తమలపాకుతో చేర్చి కట్టారు. పళ్లెం తెచ్చి ఊర్మిళ పాదాల పక్కన పెట్టారు. ఐదుగురూ రోకలి మీద చేతులు వేసి పెళ్లిపాట ఎత్తుకున్నారు. ఊర్మిళ ముక్కు మీద కుంకుమ రాలినా కదల్లేదు.

వరండాలోంచి బడీ బెహన్‌జీ ఇదంతా చూసింది. ఆవిడ ఠాకూర్ల ఆడపడుచు. వాళ్లింట్లో ప్రతి దసరాకీ కత్తులకీ తుపాకులకీ బొట్టు పెట్టి పూజ చేస్తారు. ఆయుధానికి ఆడవాళ్లు పట్టుచీరల్లో వచ్చి బొట్టు పెట్టారంటే దాని అర్థం ఆవిడకి ఒక్కటే. ఒక్క తల్లి రాదనుకుంటే ఐదుగురు వచ్చి, తుపాకి అనుకుని మోస్తున్న కర్ర మీద చేతులు వేసి దీవిస్తున్నారు! ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మెట్లు దిగి మైదానంలోకి వచ్చి, ఆయుధం దించమనే కవాతు ఆజ్ఞ తనే ఇచ్చింది.

"బాజూ శస్త్ర్!"

పద్దెనిమిది కర్రలు ఒక్కసారి నేలకి దిగాయి. ఐదుగురు ముత్తయిదువల చేతులతో సహా రోకలి దిగి పళ్లెంలో పసుపు కొమ్ముల మీద ఠంగుమని పడింది. దాలమ్మ చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా పది ఇరవై. పళ్లేనికి సొట్ట పడింది గాని బంగారమ్మ ముఖం వెలిగిపోయింది.

అప్పుడు బడీ బెహన్‌జీ, ఈ పిల్ల తల్లి ఎవరని అడిగి, తన షరతు మళ్లీ చెప్పింది. దాలమ్మ తాయారమ్మ చెవిలో గబగబా చెప్పింది. "నీ గుంట గన్ను కాల్చాలని అడగడానికొచ్చేవా అంటంది. నువ్వు ఔనంటే పిల్లలందరికీ ఇచ్చేస్తాదట. నేదమ్మా, రోకలికొచ్చేం అని చెప్పీనా?"

దీపావళి బాంబులకే గదిలో దూరి తలుపేసుకునే మనిషి తాయారమ్మ. అధికారుల ముందు ఏనాడూ నోరు విప్పి ఎరగదు. పిల్ల కేసి చూసింది. రోకలి దిగినా ఆ భుజం ఇంకా వంగే ఉంది. ఏడుపు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు ఇంజెక్షన్‌కి చెయ్యి చాపి ఇలాగే కొరుక్కునేది. ఇంత బరువు ఒక్కర్తే మోస్తుంటే, పెరట్లో చూసి కూడా తనకి తెలియలేదే అనిపించింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడం ఎందుకనుకుని, దాలమ్మను పక్కకి జరిపింది.

"హాఁ బెహన్‌జీ. మేరీ లడకీ చలాయేగీ." మా పిల్ల కాలుస్తుందని చెప్పేసి, ఐదు వేళ్లూ చూపించి, "పాంచ్. పూరా పాంచ్," అంది.

ఊర్మిళ అప్పుడు ఏడ్చింది. రెండో వరస కూడా ఏడ్చింది. బడీ బెహన్‌జీ తల్లుల అంగీకార పత్రాలు తెప్పించింది. తాయారమ్మ తనకొచ్చిన తెలుగులో మొదటి సంతకం పెట్టింది.

ఆదివారం ఆరంగ్ రోడ్డు అవతల ఖాళీ మైదానంలో తుపాకి పరీక్ష. తాయారమ్మ ఒక్కర్తే గొప్పా అని మిగతా తల్లులంతా అలిగి, సంతకాలు చేసి, టిఫిన్ క్యారియర్లతో సహా దిగారు. ఊర్మిళ బోర్లా పడుకుని ఐదూ కాల్చింది. తాయారమ్మ చెవులు మూసుకుని, కళ్లు కూడా మూసుకోవడంతో ఒక్కటీ చూడలేదు. కాగితం మీద ఒకే ఒక్క చిల్లు, అదీ ఓ మూలకి పడింది. ఊర్మిళ ఆ కాగితాన్ని గుండెలకి హత్తుకుని వచ్చి, "దేఖో అమ్మా, నాదే!" అంది.

ఒక పిల్లకి జ్వరమొచ్చి రాకపోవడంతో ఐదు తూటాలు మిగిలాయి. హవల్దారు పెట్టె మూయబోతుంటే బడీ బెహన్‌జీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. యాభై ఏళ్లుగా పుట్టింటి తుపాకులకీ మెట్టినింటి తుపాకులకీ బొట్టు పెడుతూనే ఉందట. చేతికి మాత్రం ఎవరూ ఇవ్వలేదట.

హవల్దారు ఇబ్బందిగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆడవాళ్లెవరు కాల్చినా తల్లి సంతకం ఉండాలని రాసి పంపింది మీరే కదా, అన్నాడు. బడీ బెహన్‌జీ తల దించుకుంది. ఆవిడ తల్లి పోయి పన్నెండేళ్లయింది.

దాలమ్మ ఈ సంగతి చెప్పగానే తాయారమ్మ కొంగు దోపుకుని వెళ్లి కలం అడిగింది. సంతకం చేసి, విద్యార్థినికి ఏమవుతారు అన్న చోట గుండ్రటి అక్షరాలతో 'తల్లి' అని రాసింది. బడీ బెహన్‌జీ ఆమె కంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆవిడ ఆ తుపాకి అందుకుని ఊర్మిళలాగే బోర్లా పడుకుంది.

తాయారమ్మ రాసింది తెలుగులో కాబట్టి ఆఫీసులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.